బీఎంటీ (ఎముక మజ్జ మార్పిడి) అయిన బిడ్డలో వైరస్‌ను ముందే పట్టుకోవడం ఎలా?

"మా బాబు హుషారుగా ఆడుకుంటున్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా వారం వారం రక్తం తీయించమంటున్నారు, అవసరమా?" బీఎంటీ వార్డు నుంచి బిడ్డను ఇంటికి తీసుకెళ్లిన తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే. తర్వాత అడిగేది, "సీఎంవీ ఐజీఎం నెగటివ్ వచ్చింది, ఇక భయం లేదు కదా?" అని. సీఎంవీ అంటే సైటోమెగాలోవైరస్, ఐజీఎం అంటే వైరస్ ఇటీవల సోకిందేమో చూసే యాంటీబాడీ పరీక్ష. ఆ తర్వాత, రక్తంలో వైరస్ లెక్క చూసి, "కిందటి వారం 600, ఈ వారం 900. పెరిగిపోయినట్టేనా?" అని. ఈ మూడింటికీ జవాబులు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం పోవడానికి ఎప్పుడు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా దాత కణాలు ఎక్కించుకున్న పిల్లల కోసం. తలసీమియా, అప్లాస్టిక్ అనీమియా, లుకేమియా, పుట్టుకతో వచ్చిన ఇమ్యూనిటీ లోపం, ఇలా ఏ జబ్బుకి మార్పిడి చేసినా వర్తిస్తుంది. తన సొంత కణాలే తిరిగి ఎక్కించుకున్న పిల్లలకు ఈ ముప్పు చాలా తక్కువ, పరీక్షలూ తక్కువే. వాళ్ల అమ్మానాన్నలు జ్వరం గురించి, ఆటలమ్మ గురించి రాసిన మెట్లు చదివితే చాలు. మందుల డోసులు ఇక్కడ రాయడం లేదు, అవి మీ డాక్టర్ చేతిలోనే ఉండాలి.

ఎందుకింత కాపలా అంటే, సీఎంవీ, ఈబీవీ, హెచ్‌హెచ్‌వీ-6, బీకే లాంటి వైరస్‌లు చాలాసార్లు బయటి నుంచి కొత్తగా రావు. చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరి దాగి ఉంటాయి, లేదా దాత కణాలతో వస్తాయి. కొత్త మజ్జ రక్తకణాల కౌంట్లు పెంచినా, వైరస్‌ను అదుపు చేసే టీ కణాలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఆ ఖాళీలో అవి లేస్తాయి. జ్వరం, వాపు, ఎర్రదనం లాంటివి ఇమ్యూనిటీ పోరాడితేనే బయటపడే గుర్తులు. పోరాడే కణాలే లేని ఒంట్లో గుర్తులు ఆలస్యంగా వస్తాయి, స్టెరాయిడ్లు వాడుతుంటే మరీ ఆలస్యం. సీఎంవీ ఊపిరితిత్తుల దాకా వెళ్లాక వైద్యం చాలా కష్టం. రక్తంలో కొద్దిగా కనిపించినప్పుడే మందు మొదలుపెడితే చాలామంది పిల్లల్లో అక్కడితో ఆగిపోతుంది. బిడ్డ బాగున్నప్పుడే రక్తం తీయించమనేది అందుకే.

కావలసినవి

- డిశ్చార్జ్ సమ్మరీ, దాని రెండు జిరాక్స్ కాపీలు, ఫోన్‌లో ఒక ఫొటో.
- ఒక గట్టి అట్ట నోట్‌బుక్. వాట్సాప్‌లో రిపోర్టులు ఉన్నాయి కదా అనుకోకండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో వెతికితే దొరకవు.
- డిజిటల్ థర్మామీటర్. చంకలోనే పెట్టాలి. మలద్వారంలో ఎప్పుడూ పెట్టకూడదు, ప్లేట్‌లెట్లు తక్కువున్న బిడ్డకు అక్కడ చిన్న గాయమైనా ప్రమాదమే.
- పల్స్ ఆక్సీమీటర్. చిన్న పిల్లల వేలికి సరిపోయేది అడిగి కొనండి. పెద్దవాళ్లది వదులుగా ఉండి తప్పు చూపిస్తుంది.
- మూడు ఫోన్ నంబర్లు: ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్, రాత్రి డ్యూటీ, పీసీఆర్ (రక్తంలో వైరస్ జన్యువును పట్టి లెక్కపెట్టే పరీక్ష) చేసే ల్యాబ్.
- మీ ఊళ్లో లేదా దగ్గరి పట్టణంలో ఐవీ పెట్టగలిగిన, రక్తం తీయగలిగిన ఒక ఆసుపత్రి. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన వారంలోనే అక్కడి పిల్లల డాక్టర్‌ను కలిసి సమ్మరీ కాపీ ఒకటి ఇచ్చి రండి.

1. ఇంటికి రాకముందే ఒక పేజీ రాయించుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో ఇవి ఉండాలి: కణాలు ఎక్కించిన తేదీ, అంటే డే జీరో. దాత ఎవరు: పూర్తిగా మ్యాచ్ అయిన తోబుట్టువా, సగం మ్యాచ్ అయిన అమ్మో నాన్నో, బయటి దాతా, బొడ్డుతాడు రక్తమా. ఏటీజీ (టీ కణాలను అణిచే మందు) ఇచ్చారా. మార్పిడికి ముందు బిడ్డకూ దాతకూ సీఎంవీ ఐజీజీ (వైరస్ ఎప్పుడో సోకిందని చూపే యాంటీబాడీ) ఎలా ఉంది. హెపటైటిస్ బి రిపోర్టులు ఎలా ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్న మందులేవి. జీవీహెచ్‌డీ (దాత కణాలు బిడ్డ ఒంటి మీదే దాడి చేసే జబ్బు) వచ్చిందా, వస్తే స్టెరాయిడ్ ఎంత వాడుతున్నారు.

మన దేశంలో పెద్దయ్యేసరికి దాదాపు అందరికీ సీఎంవీ సోకి ఉంటుంది. కాబట్టి దాతా బిడ్డా ఇద్దరూ నెగటివ్‌గా ఉండే అదృష్టం అరుదు. తలసీమియా పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకున్నారు కాబట్టి ఐజీజీ పాజిటివ్ వస్తే అది వాళ్లదో, ఎక్కించిన రక్తంలో వచ్చిందో చెప్పలేం. ఎలా వచ్చినా కాపలా ఒకటే.

అదే పేజీలో ఇంకో మాట అడిగి రాసుకోండి: "మీ సెంటర్‌లో సీఎంవీ ఎంత దాటితే మందు మొదలుపెడతారు?" ఈ హద్దు అన్ని ఆసుపత్రుల్లో ఒకటి కాదు. వాడే కిట్‌ను బట్టి, బిడ్డ ముప్పును బట్టి మారుతుంది. వెల్లూరులో చేయించుకున్న పిల్లవాడి హద్దుతో హైదరాబాద్‌లో చేయించుకున్న పాప రిపోర్టును పోల్చి భయపడటం, ధైర్యపడటం రెండూ తప్పే.

2. క్యాలెండర్ గీసుకోండి

సీఎంవీ పీసీఆర్ కనీసం 100వ రోజు దాకా వారానికోసారి. ఇది దాదాపు అన్నిచోట్లా పాటించే లెక్క. జీవీహెచ్‌డీ ఉన్నా, స్టెరాయిడ్లు నడుస్తున్నా, ఒకసారి సీఎంవీ లేచి తగ్గినా, 100 తర్వాత కూడా కొనసాగిస్తారు.

ఈబీవీ పీసీఆర్ ముఖ్యంగా ఏటీజీ తీసుకున్నవాళ్లకు, బయటి దాత లేదా సగం మ్యాచ్ దాత ఉన్నవాళ్లకు. ఇది అదుపు తప్పితే లింఫ్ గ్రంథుల్లో గడ్డలు కట్టే పీటీఎల్‌డీ అనే జబ్బు వస్తుంది. రక్తంలో వైరస్ లెక్క, అంటే లోడ్, పెరుగుతున్నప్పుడే తెలిస్తే రిటక్సిమాబ్ అనే మందుతో ఆపే అవకాశం ఉంది.

అడినోవైరస్ పెద్దవాళ్లకన్నా పిల్లల్లోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముప్పున్న పిల్లలకు వారం వారం రక్తం పీసీఆర్ చేస్తారు. కొన్ని సెంటర్లు మలం కూడా పంపుతాయి, ఎందుకంటే చాలామంది పిల్లల్లో ఈ వైరస్ రక్తంలోకి రాకముందే మలంలో పెరుగుతుంది.

హెచ్‌హెచ్‌వీ-6, బీకే అందరికీ వారం వారం చేసేవి కావు. లక్షణం ఉంటేనే చేస్తారు. "అన్ని వైరస్‌లూ ఒకేసారి చేసేయండి" అని ప్యాకేజీ అడగకండి. అవసరం లేని పాజిటివ్ ఒకటి వస్తే అవసరం లేని మందు వెంట వస్తుంది, ఆ మందులు మజ్జనో కిడ్నీనో కుంగదీసే రకం.

ఇప్పుడు క్యాలెండర్‌లో రక్తం తీయించే రోజు రాయండి. సోమవారం లేదా మంగళవారం పొద్దున పెట్టుకోమని గట్టిగా చెబుతాను. శుక్రవారం సాయంత్రం తీసిన శాంపిల్ శనివారం కొరియర్ ఆఫీసులో ఆగి, ఆదివారం ల్యాబ్ మూసి ఉండి, సోమవారానికి పాడై చేరుతుంది. ఒకవేళ బాగానే చేరి పాజిటివ్ వచ్చినా, వారాంతంలో ఆ కాగితం చూసే డాక్టర్ దొరకరు. పండగలు, బంద్‌లు, ఎన్నికల సెలవులు ముందే చూసుకుని ఒక రోజు ముందే తీయించండి. ఆలస్యం చేయొద్దు.

3. ఒకే ల్యాబ్, ఒకే రకం శాంపిల్

సీఎంవీ పీసీఆర్‌ను ప్లాస్మాతోనూ (కణాలు తీసేశాక మిగిలే రక్తపు నీరు) చేస్తారు, మొత్తం రక్తంతోనూ చేస్తారు. మొత్తం రక్తంలో అంకె ఎక్కువ వస్తుంది. ఒక వారం అదీ ఒక వారం ఇదీ చేయిస్తే వైరస్ పెరిగిందో, శాంపిల్ మారిందో ఎవరికీ అర్థం కాదు.

ల్యాబ్‌కి ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి: ప్లాస్మానా, మొత్తం రక్తమా? రిపోర్టు అంతర్జాతీయ యూనిట్లలో, అంటే ఐయూ పర్ ఎంఎల్‌లో ఇస్తారా? కనీసం ఎంత లోడ్ ఉంటే అంకె చెప్పగలరు? ఎన్ని గంటల్లో రిపోర్టు వస్తుంది? సీఎంవీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం 2010 నుంచి ఉంది. దాని ప్రకారం ఐయూలో ఇచ్చే ల్యాబ్‌ను ఎంచుకోండి. ఒకటి రెండు రోజుల్లో రిపోర్టు రావాలి. వారం తర్వాత వచ్చే రిపోర్టు మన పనికి రాదు. "పాజిటివ్", "నెగటివ్" అని మాత్రమే రాసి అంకె ఇవ్వని పరీక్ష కూడా పనికి రాదు.

4. శాంపిల్ సరిగ్గా తీయించండి

ఇక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ, అందుకే కాస్త వివరంగా.

పీసీఆర్‌కి ఈడీటీఏ ట్యూబ్ కావాలి, అంటే ఊదారంగు మూత ఉన్నది. ఆకుపచ్చ మూత ట్యూబ్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉంటుంది. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, ఒంట్లో వైరస్ ఉన్నా లేనట్టు చూపించవచ్చు. రక్తం తీసేటప్పుడు మీరు పక్కనే ఉంటారు కదా, మూత రంగు చూడండి. అడగడానికి మొహమాటపడకండి.

బిడ్డకు హిక్‌మన్ లైనో, పిక్ లైనో, ఛాతీలో పోర్టో (మందులకు, రక్తం తీయడానికి పెద్ద నరంలో ఉంచే గొట్టాలు) ఉంటే దాన్ని హెపారిన్ నీళ్లతో లాక్ చేసి ఉంచి ఉండవచ్చు. అప్పుడు మొదట వచ్చే కొద్ది రక్తాన్ని పక్కన పెట్టి, తర్వాత వచ్చేది ట్యూబ్‌లోకి తీయాలి. ట్రాన్స్‌ప్లాంట్ వార్డు నర్సులకు ఇది అలవాటే. ఊళ్లో తీయిస్తే గుర్తు చేయాల్సింది మీరే. లైన్ తెరిచే చేతులకు శుభ్రమైన గ్లోవ్స్, మూతకు స్పిరిట్ తుడుపు తప్పనిసరి. ఊళ్లో లైన్ చూసినవాళ్లు లేకపోతే దాన్ని ముట్టుకోనివ్వకండి, చేతి నరం నుంచే తీయించండి. బిడ్డ ఒక్క నిమిషం ఏడుస్తుంది, కానీ లైన్‌లో ఇన్‌ఫెక్షన్ చేరదు.

ట్యూబ్ నిండాక ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. గట్టిగా కుదిపితే ఎర్ర కణాలు పగులుతాయి. లేబుల్ మీద బిడ్డ పేరు, ఆసుపత్రి నంబరు, తేదీ, తీసిన టైమ్ మీ ముందే రాయించండి. ఒకే వార్డులో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరు ఉండటం కొత్తేమీ కాదు.

రక్తం తీసిన రోజే ల్యాబ్‌కి చేరితే మంచిది. దూరం పంపాలంటే మీ ఊరి ల్యాబ్‌లోనే సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మా వేరే ట్యూబ్‌లోకి తీయించి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో జెల్ ప్యాక్‌లతో పంపండి. ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు ప్లాస్మా వేరవ్వాలి. మొత్తం రక్తాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఐస్ ముక్కకు ఆనించి పంపకూడదు. కణాలు పగిలితే లెక్క తప్పుతుంది.

5. రిపోర్టును ఇలా చదవండి

"టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అంటే ఈ శాంపిల్‌లో కనిపించలేదని. "డిటెక్టెడ్" అని ఉండి అంకె లేకుండా ఒక హద్దుకన్నా తక్కువ అని ఉంటే, ఆనవాలు ఉంది కానీ లెక్కపెట్టేంత లేదని. ఇలాంటప్పుడు కంగారు వద్దు, అలాగని వచ్చే వారం మానేయడమూ వద్దు. మూడు నాలుగు రోజుల్లో మళ్లీ పంపాలా అని కోఆర్డినేటర్‌ను అడగండి.

అంకెలు వస్తే ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: మూడు రెట్లు. పీసీఆర్‌లో అదే శాంపిల్‌ను రెండుసార్లు చేసినా అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. అందుకే మూడు రెట్లకన్నా తక్కువ తేడాను నిజమైన మార్పుగా లెక్కపెట్టరు. రిపోర్టులో లాగ్ అని ఇంకో అంకె ఉంటుంది చూడండి, అందులో 0.5 తేడా అంటే సుమారు మూడు రెట్లు. 1,000 అంటే 3 లాగ్, 10,000 అంటే 4 లాగ్.

కాబట్టి 600 నుంచి 900 అయితే, ఆ తేడా ఒక్కటే చూసి పెరిగిందని చెప్పలేం. 600 నుంచి 2,400 అయితే కచ్చితంగా పెరిగింది, ఆ రోజే ఫోన్ చేయాలి. 600, 900, 1,500 అని వరసగా మూడు వారాలు ఎక్కుతూ పోతే, ఏ రెండు వారాల మధ్యా మూడు రెట్లు లేకపోయినా, అదీ చెప్పాల్సిందే. నోట్‌బుక్‌లో తేదీ, రోజు నంబరు, అంకె, లాగ్, ఆ వారం స్టెరాయిడ్ ఎంత, తెల్లకణాలు ఎన్ని అని ఆరు గళ్లు గీసి పెట్టుకోండి. శ్రద్ధగా నింపిన ఆ పేజీ చూస్తే డాక్టర్‌కి రెండు నిమిషాల్లో కథ మొత్తం అర్థమవుతుంది.

రక్తంలో నెగటివ్ వచ్చినా వైరస్ లేదని అనుకోకూడని చోటు ఒకటుంది. అది పేగు. సీఎంవీ పేగులో పుండ్లు చేస్తున్నా రక్తం పీసీఆర్ నెగటివ్‌గా ఉండవచ్చు. విరేచనాలు ఆగకుండా, రక్తంతో అవుతుంటే ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి చూడాల్సిందే. పేగు జీవీహెచ్‌డీ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. దానికి స్టెరాయిడ్ పెంచాలి, సీఎంవీకైతే వీలున్నంత తగ్గించాలి. రెండింటి వైద్యం ఎదురెదురు కాబట్టి డాక్టర్ బయాప్సీ అన్నప్పుడు "మందులతో చూద్దాం సార్" అని వాయిదా వేయకండి.

6. మందు మొదలయ్యాక ఏం చూడాలి

సీఎంవీకి సాధారణంగా గాన్‌సైక్లోవిర్ ఇంజెక్షన్ లేదా వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తారు. ఇవి తెల్లకణాలను తగ్గిస్తాయి. కౌంట్లు తట్టుకోలేకపోతే ఫాస్కార్నెట్‌కి మారుస్తారు, దాంతో కిడ్నీని, రక్తంలో కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలను కనిపెట్టుకోవాలి. కాబట్టి పీసీఆర్‌తో పాటు సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) వారానికి ఎన్నిసార్లో అడిగి క్యాలెండర్‌లో కలపండి.

మొదటి వారం, ఒక్కోసారి రెండో వారం కూడా, మందు ఇస్తున్నా అంకె పెరగవచ్చు. మందు పనిచేయడం లేదని అప్పుడే తేల్చకండి. సరైన డోసులో రెండు వారాలు పూర్తయ్యాక కూడా పది రెట్లు పెరిగితే అప్పుడు మొండి వైరస్ అని అనుమానించి, మందుకు లొంగని మార్పులున్నాయేమో జన్యు పరీక్ష చేస్తారు. ఇక ఒక్కసారి నెగటివ్ రాగానే మీకు మీరే మందు ఆపకూడదు. చాలా సెంటర్లు వరసగా రెండు నెగటివ్‌లు చూశాకే ఆపుతాయి, ఆపాక కూడా వారం వారం చూస్తాయి.

లెటర్మోవిర్ అని, సీఎంవీ లేవకుండానే ఆపే మందు ఒకటి ఉంది. అమెరికాలో పెద్దవాళ్లకు 2017లో, పిల్లలకు 2024లో అనుమతి వచ్చింది. మీ బిడ్డకు అది ఇస్తున్నా పీసీఆర్ మానేయకండి. అది సీఎంవీ మీద తప్ప ఆటలమ్మ, పెదవి పొక్కుల వైరస్‌ల మీద పనిచేయదు, అసైక్లోవిర్ వేరుగా వాడుతూనే ఉండాలి.

7. లక్షణం కనిపిస్తే ఏ శాంపిల్ పంపాలి

దగ్గు, ముక్కు కారడం: ముక్కు లోపలి స్వాబ్‌తో రెస్పిరేటరీ ప్యానెల్, అంటే శ్వాసకోశ వైరస్‌లను ఒకేసారి వెతికే పరీక్ష. చెక్క పుల్లతో చేసిన స్వాబ్ వాడకూడదు, ప్లాస్టిక్ పుల్ల ఉన్నది కావాలి, తీసిన వెంటనే వైరల్ మీడియంలో (వైరస్‌ను పాడవకుండా ఉంచే ద్రవం) ముంచాలి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే ముక్కులో రక్తం వచ్చే ప్రమాదం ఉంది, ముందు డాక్టర్‌ని అడగండి. వానాకాలంలో ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ ఎక్కువ. ఫ్లూ అనుమానం ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెడతారు. ఆక్సీమీటర్ 94 కన్నా తగ్గినా, డొక్కలు ఎగరేస్తున్నా స్వాబ్ కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి. పాజిటివ్ వచ్చి బిడ్డ కోలుకున్నాక అదే ప్యానెల్ మళ్లీ మళ్లీ చేయించకండి, ఈ పిల్లల ముక్కులో వైరస్ వారాల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.

విరేచనాలు: అడినో, నోరో, రోటా కోసం మలం. డైపర్ పీల్చేసుకుంటుంది కాబట్టి లోపల పల్చటి ప్లాస్టిక్ కవర్ పరచి, పొడి డబ్బాలోకి తీయండి. మూత్రం కలవకూడదు.

మూత్రం పోస్తూ ఏడవడం, ఎర్రటి మూత్రం: బీకే, అడినో. మూత్రంలో బీకే, ఏ ఇబ్బందీ లేని పిల్లల్లో కూడా చాలాసార్లు పాజిటివ్ వస్తుంది. మూత్రం మామూలుగా ఉన్న బిడ్డకు ఈ పరీక్ష చేయించి, కోట్లలో వచ్చిన అంకె చూసి నిద్ర పోగొట్టుకోకండి. లక్షణాలుంటేనే దానికి అర్థం, అప్పుడు రక్తంలో లోడ్ కూడా చూస్తారు. మూత్రంలో గడ్డలు పడినా, ఆగిపోయినా అది ఎమర్జెన్సీ.

మత్తుగా ఉండడం, పేర్లు మర్చిపోవడం, ఫిట్స్: ముఖ్యంగా మొదటి ఆరు వారాల్లో హెచ్‌హెచ్‌వీ-6 మెదడువాపు గుర్తుకు రావాలి. వెన్నునీరు పీసీఆర్, ఎంఆర్‌ఐ కావాలి. రక్తంలో మాత్రమే ఎప్పుడూ ఒకే ఎత్తులో పెద్ద అంకె ఉండి బిడ్డ బాగుంటే, ఈ వైరస్ జన్యువు పుట్టుకతోనే క్రోమోజోమ్‌లో చేరి ఉండవచ్చు. సుమారు 100 మందిలో ఒకరికి అలా ఉంటుంది. దానికి వైద్యం అక్కర్లేదు, కానీ ఆ మాట డాక్టరే తేల్చాలి.

మెడలో, చంకలో గడ్డలు, టాన్సిల్ వాపు, తగ్గని జ్వరం: ఈబీవీ.

వానాకాలంలో ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడిపోతే డెంగీని మర్చిపోకండి. ట్రాన్స్‌ప్లాంట్ వల్లే అనుకుని అందరూ అటే చూస్తారు. జ్వరం మొదటి రోజుల్లో ఎన్‌ఎస్1 యాంటిజన్ చేయించండి.

8. జ్వరం వస్తే

చంకలో 100.4 చూపిస్తే, అది అర్ధరాత్రి రెండింటికైనా సరే, ముందు ఫోన్. పారాసిటమాల్ తర్వాత. సిరప్ పోశాక జ్వరం దిగితే "తగ్గిపోయిందిలే" అనిపిస్తుంది, ఆ అరపూట ఆలస్యమే ప్రాణం మీదకి తెస్తుంది.

"వైరల్ ఫీవరే, మూడు రోజుల్లో తగ్గిపోతుంది" అని ఎవరు చెప్పినా, ఈ బిడ్డ విషయంలో ఒప్పుకోకండి. కౌంట్లు తక్కువున్న బిడ్డకు, లైన్ ఉన్న బిడ్డకు జ్వరం వస్తే అది బ్యాక్టీరియా అనే అనుకుని ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. రక్తం కల్చర్ (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) తీసి, మందు మొదలుపెట్టి, ఆ తర్వాత వైరస్ వెతకాలి. లైన్ ఫ్లష్ చేసిన కాసేపటికే వణుకు వస్తే ఇంకా తొందర.

9. చుట్టుపక్కల ఆటలమ్మ పోస్తే

మన ఇళ్లలో అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి, బయటికి చెప్పకుండా, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఉండే అలవాటు ఉంది. ఆ నమ్మకాన్ని కాదనడం లేదు, కానీ ఈ బిడ్డకు ఆ మౌనం ప్రమాదం. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది. అక్కకో, పక్కింటి పిల్లాడికో, బడిలో పక్క బెంచీ పాపకో పోసిందని తెలిసిన రోజే కోఆర్డినేటర్‌కు చెప్పండి. రక్షణ ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల మందు) 10 రోజుల్లోపే పనికొస్తుంది, ఎంత ముందు ఇస్తే అంత మేలు. "తర్వాత రివ్యూలో చెబుదాం" అంటే ఆ గడువు దాటిపోతుంది. అమ్మమ్మ ఇంట్లో, నాయనమ్మ ఇంట్లో కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి. వాళ్లకు కోపం రాదు, ఎందుకో విడమరిస్తే మనకన్నా జాగ్రత్తగా ఉంటారు.

100 రోజులు దాటాక, అసైక్లోవిర్ ఆపాక, ఇదే వైరస్ సర్పిలా లేస్తుంది. ఒక్కోసారి ఒంటి మీద ఒక్క పొక్కు లేకుండా భరించలేని కడుపునొప్పితో మొదలై, లివర్ రిపోర్టులు చెడతాయి. అప్పుడు రక్తంలో వీజడ్‌వీ (ఆటలమ్మ వైరస్) పీసీఆర్ అడగండి. పొక్కులుంటే కొత్త పొక్కు అడుగు నుంచి స్వాబ్ తీయించండి, ఎండిన పెచ్చు కన్నా అందులో వైరస్ బాగా దొరుకుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఐజీఎం, ఐజీజీ చేయించి ధైర్యపడటం. ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మార్పిడి అయిన బిడ్డ ఒళ్లు యాంటీబాడీలు సరిగా తయారుచేయలేదు, వైరస్ ఉన్నా ఐజీఎం నెగటివ్ రావచ్చు. ఐవీఐజీ (వేరేవాళ్ల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తే ఎవరిదో ఐజీజీ పాజిటివ్ చూపిస్తుంది. ఊరి ల్యాబ్‌లో "సీఎంవీ టెస్ట్" అంటే చాలాసార్లు ఈ యాంటీబాడీ పరీక్షే చేస్తారు. చీటీ మీద "సీఎంవీ డీఎన్‌ఏ క్వాంటిటేటివ్ పీసీఆర్, ఈడీటీఏ ప్లాస్మా" అని పూర్తిగా రాయించుకోండి. మీ సెంటర్ మొత్తం రక్తంతో చేస్తే అదే రాయించండి.

ఖర్చు తగ్గుతుందని వారం విడిచి వారం చేయించడం. మందు లేకుండా సీఎంవీ ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. రెండు వారాల ఖాళీలో కొద్దిపాటి అంకె వేలల్లోకి చేరుతుంది. డబ్బు ఇబ్బంది ఉంటే దాచుకోకుండా సెంటర్‌లోని సోషల్ వర్కర్‌తో చెప్పండి. పరీక్ష మానేయడం కన్నా అడగడం నయం.

పల్స్ పోలియో రోజు తమ్ముడికో చెల్లికో చుక్కలు వేయించడం. చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది, మలంలో బయటికి వస్తుంది. ఆ ఇంట్లో పిల్లలకు ఇంజెక్షన్ పోలియో వేయించాలి. పొరపాటున వేయిస్తే దాచకుండా చెప్పండి. ఇంట్లో పసిబిడ్డకు రోటావైరస్ టీకా వేస్తే కొన్ని వారాలు ఆ డైపర్లు మార్చిన చేతులు సబ్బుతో కడిగాకే ఈ బిడ్డను ముట్టుకోండి. ఇంటిల్లిపాదీ ఏటా ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోవడం మాత్రం మంచిదే.

చూపు సంగతి మర్చిపోవడం. సీఎంవీ కంటి వెనక పొరను తింటున్నా చిన్నపిల్లలు చెప్పలేరు. లోడ్ ఎక్కువ రోజులు ఎక్కువగా ఉంటే కంటి డాక్టర్‌తో కనుపాపలు పెద్దవి చేయించి చూపించాలి.

మీ కాపలా సరిగ్గా ఉందో లేదో చూసుకోండి

నెలకోసారి నోట్‌బుక్ తీసి ఇవి సరిచూడండి. రెండు శాంపిల్‌ల మధ్య ఎప్పుడైనా ఎనిమిది రోజులు దాటిందా? తీసిన టైమ్‌కీ ల్యాబ్ అందుకున్న టైమ్‌కీ మధ్య, రెండూ రిపోర్టులో ఉంటాయి, 24 గంటలు దాటిందా? ప్లాస్మా, మొత్తం రక్తం కలగలిశాయా? యూనిట్ మారిందా? ప్రతి రిపోర్టూ డాక్టర్ చూసినట్టు తిరుగు జవాబు వచ్చిందా? వాట్సాప్‌లో నీలం టిక్ పడితే చూసినట్టు కాదు, "సరే, కొనసాగించండి" అనో "రండి" అనో మాట రావాలి. 24 గంటల్లో రాకపోతే ఫోన్ చేయండి. విసుగు తెప్పిస్తున్నామేమో అనుకోకండి. కిందటి వారందాకా అంకె ఎక్కి, ఈ వారం మందు లేకుండా ఒక్కసారిగా నెగటివ్ వస్తే సంతోషించే ముందు ట్యూబ్ మూత రంగు, లేబుల్ పేరు సరిచూసి, మళ్లీ శాంపిల్ పంపాలా అని అడగండి.

చివరగా ఈ చీటీని మీ వివరాలతో నింపి, ఒకటి పర్సులో, ఒకటి బిడ్డ సంచిలో, ఒకటి ఊరి డాక్టర్ దగ్గర ఉంచండి:

"ఈ బిడ్డకు ____ తేదీన దాత నుంచి మూలకణాల మార్పిడి జరిగింది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు ____ వాడుతోంది. లైన్ ఉంది / లేదు. జ్వరం ఉంటే కల్చర్ తీసి గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వండి. రక్తం ఎక్కించాలంటే ఇర్రేడియేట్ చేసి, తెల్లకణాలు వడకట్టినదే కావాలి. కండకు ఇంజెక్షన్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, బతికున్న వైరస్ టీకాలు వద్దు. చివరి సీఎంవీ పీసీఆర్: తేదీ ____, అంకె ____, ప్లాస్మా / మొత్తం రక్తం. ఏ మందు మార్చే ముందైనా ఈ నంబరుకు ఫోన్ చేయండి: ____"